పెట్రోలు ట్రక్కులలో ఇంజిను నాకింగ్ – కారణ నిర్ణయము, తగిన పెట్రోలు

పొలమునుండి పంటను మార్కెట్టునకు చేర్చుటకు ఎడ్లబండ్లకు మారుగా చిన్న ట్రక్కులు గ్రామములలో ప్రవేశించి చాల కాలమైనది. వీనిలో పెక్కు డీజిలుతో నడచునవి. అయినను ఇటీవలి సంవత్సరములలో పెట్రోలుతో నడచు చిన్న సరకు బండ్లును హెచ్చుగా కానవచ్చుచున్నవి. ఇట్టి పెట్రోలు బండ్లు గల రైతులకు ఒక చిక్కు తరచుగా కలుగుచుండును. ఎండవేళ నిండు బరువుతో మిట్ట నెక్కునపుడు, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్లు ఇంజినునుండి గలగలమను శబ్దము వెలువడును. మెకానిక్కులు దీనిని నాకింగ్ అందురు.

ఈ శబ్దము వినినంతనే ఒకరు హెచ్చు ధరగల పెట్రోలు పోయుమందురు. మఱియొకరు ఇంజిను విప్పవలెనందురు. వేరొకరు ఇది అన్ని బండ్లకు నుండునదేయని తీసివేయుదురు. ఈ మూడు మాటలును ఒక్కొక్కయెడ నిజమే. కాని కారణము తెలియక ఏ మాటను పాటించినను నష్టము తప్పదు. ఒక బండి దినమునకు 5 లీటర్ల చొప్పున నెలలో 25 దినములు తిరుగుననియు, హెచ్చురకపు పెట్రోలునకు లీటరునకు 8 రూపాయలు అధికమనియు అనుకొందము. నెలకు 1,000 రూపాయలు, సంవత్సరమునకు 12,000 రూపాయలు అదనముగా వ్యయమగును. వ్యాధి పెట్రోలులో గాక రేడియేటరులో నున్నచో ఈ సొమ్మంతయు వృథా. ఇక శబ్దమును లక్ష్యపెట్టనివారికి వచ్చు నష్టము ఇంతకంటె పెద్దది. ఘాట్ రోడ్డు నడుమ పిస్టను పగిలి బండి నిలిచినచో, మరమ్మతు వ్యయమునకు తోడు బండిలోని టొమాటోలు మార్కెట్టు వేళకు చేరక చెడిపోవును. కావున శబ్దమునకు కారణమును ముందు తెలిసికొని, పిమ్మట పెట్రోలునుగూర్చి నిర్ణయించుట మేలు. ఆ విధానమే యిచట వివరింపబడుచున్నది.

శబ్దము పుట్టు విధము

పెట్రోలు ఇంజినులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి సిలిండరులోనికి పోవును. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును అణచును. నేటి ఇంజినులలో ఇది సుమారు పదియవ వంతు పరిమాణమునకు అణగును. అణగిన వాయువు వేడెక్కునని సైకిలు పంపుతో గాలి కొట్టినవారికెల్ల తెలియును. పిస్టను పైకి చేరుటకు కొంచెము ముందుగా ప్లగ్గునందు నిప్పురవ్వ పుట్టును. అచట అంటుకొనిన మంట, చేనిలో ఒక గట్టున అంటించిన నిప్పు రెండవ గట్టునకు ప్రాకినట్లు, సిలిండరు ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు వరుసగా ప్రాకును. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇంజినులో ఈ పని యంతయు సెకనులో సుమారు 400వ వంతు కాలములో ముగియవలెను. మంట ఇట్లు క్రమముగా ప్రాకినపుడు పిస్టనును మెత్తగా, బలముగా క్రిందికి నెట్టును. ఇదియే ఆరోగ్యకరమైన దహనము.

అయితే మంట రెండవ ప్రక్కకు చేరకమునుపే అచట మిగిలియున్న మిశ్రమము పైనుండి పడు ఒత్తిడికిని వేడిమికిని ఓర్వజాలక తనంతట తానే ఒక్కపెట్టున భగ్గుమనవచ్చును. అపుడు సిలిండరులోని ఒత్తిడి అలలుగా గోడలకు కొట్టుకొనును. ఈ అలలు సెకనుకు ఆరేడు వేల సారులు అటునిటు తిరుగును. మనము వినునట్టి గలగల యిదియే. ఈ అలలు పిస్టను తలమీదను సిలిండరు గోడలమీదను కాపుదలగా నున్న పలుచని వాయుపొరను చెదరగొట్టును. అందుచే మంట వేడిమి నేరుగా లోహమునకు తగులును. ఎప్పుడో మిట్టమీద క్షణకాలము వినబడిన గలగలతో ఇంజిను చెడదు. కాని మైళ్లకొలది శబ్దముతో నడిపినచో పిస్టను తలపై గుంటలు పడును, రింగులను పట్టియుంచు గట్లు విరుగును, హెడ్డు గ్యాస్కెట్టు కాలును, తుదకు పిస్టనునకు రంధ్రమే పడవచ్చును.

దీనినిబట్టి నాకింగునకు నాలుగు మూలములు ఏర్పడుచున్నవి. వేడి యెక్కువగుట ఒకటి. ఒత్తిడి యెక్కువగుట రెండవది. చివరి మిశ్రమము మంటకొఱకు వేచియుండు కాలము ఎక్కువగుట మూడవది. పెట్రోలునకు ఓర్పు తక్కువగుట నాలుగవది. మెకానిక్కు చెప్పు ఏ కారణమైనను ఈ నాలుగింటిలో ఒకదానికి చెందియే యుండును. సభ్యులు ఈ నాలుగింటిని జ్ఞాపకముంచుకొనినచో తక్కిన వ్యాసమంతయు సులభముగా బోధపడును.

ఆక్టేను అంకె యనగా నేమి

పెట్రోలునకు గల ఈ ఓర్పును కొలుచు అంకెయే ఆక్టేను. దీని చరిత్రము రైతులకు ఆసక్తి కలిగించునట్టిది. అమెరికాలో డేటన్ పట్టణమున 1916వ సంవత్సర ప్రాంతమున, పొలములలోని యిండ్లకు విద్యుద్దీపములిచ్చుటకై డెల్కో-లైట్ అను చిన్న యంత్రములను అమ్ముచుండిరి. వానిని కిరసనాయిలుతో నడుపగా ఇంజినులు మిక్కిలిగా కొట్టుకొనసాగెను. చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు ఈ దోషమును పరిశోధించు పనిని థామస్ మిడ్జిలీ అను యువకునికి అప్పగించెను. కిరసనాయిలునకు ఎఱ్ఱరంగు కలిపినచో వేడిని బాగుగా పీల్చి త్వరగా ఆవిరియగునేమో యని వారు ఊహించిరి. రంగు చేతికందకపోగా అయొడిను కలిపిరి. శబ్దము తగ్గెను. పిమ్మట వేర్వేరు ఎఱ్ఱరంగులు తెచ్చి కలిపి చూడగా ఏమియు తగ్గలేదు. గుణము అయొడినుదే కాని రంగుది కాదని అపుడు తేలెను. ఒక మారు శబ్దము తగ్గినంత మాత్రమున మనము ఊహించిన కారణమే నిజమని నమ్మరాదనుట కిదియొక నిదర్శనము.

ఆ పరిశోధనల ఫలితముగా 1921వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన, సీసము గల టెట్రాఇథైల్ లెడ్ అను ద్రవ్యము నాకింగును అణచునని కనుగొనిరి. 1923 నుండి అది పెట్రోలులో కలిపి అమ్మబడెను. కాని సీసము విషము. పిల్లల మెదడునకు అది చేయు హాని తెలిసిన పిదప దేశములు ఒక్కొక్కటిగా దానిని విడిచినవి. మన దేశమున 2000వ సంవత్సరమునుండి సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. ప్రపంచమున చివరగా అల్జీరియా 2021లో దానిని మానెను.

ఇక అంకె సంగతి. 1926లో గ్రాహం ఎడ్గర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు రెండు ద్రవములను కొలబద్దలుగా నిర్ణయించెను. మిక్కిలి ఓర్పు గల ఐసో ఆక్టేనునకు 100 అనియు, ఏమాత్రము ఓర్పు లేని హెప్టేనునకు 0 అనియు అంకెలు పెట్టెను. ఒక పెట్రోలు 91 ఆక్టేనుగల దనగా, నూటికి 91 పాళ్లు ఐసో ఆక్టేను, 9 పాళ్లు హెప్టేను కలిపిన మిశ్రమము పరీక్షా యంత్రములో ఎంతవరకు ఓర్చునో ఆ పెట్రోలును అంతవరకే ఓర్చునని అర్థము.

ఇందలి ముఖ్యాంశమును సభ్యులు గట్టిగా గమనింపవలెను. ఆక్టేను అంకె పెట్రోలు బలమును తెలుపునది కాదు. ఓర్పును మాత్రమే తెలుపును. ఇందులకు ఇథనాలే సాక్ష్యము. ఇథనాలు ఆక్టేను అంకె 100కు మించియున్నది. కాని లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలులోని శక్తికంటె సుమారు మూడవ వంతు తక్కువ. కావున 91 చాలునని తయారీదారు చెప్పిన ఇంజినులో 100 అంకెగల పెట్రోలు పోసినంత మాత్రమున బండి యెక్కువ బరువు లాగదు. రెండు బస్తాలు మోయువానికి పది బస్తాల కూలి యిచ్చినట్లగును.

అది నాకింగేనా?

కారణమును వెదకుటకు ముందు ఆ శబ్దము నిజముగా నాకింగేయగునా యని నిశ్చయించుకొనవలెను. నాకింగునకు మూడు లక్షణములు కలవు. ఇంజిను బాగుగా వేడెక్కిన పిదపనే వినబడును. బరువు లాగుచున్నపుడు, ముఖ్యముగా పైగేరులో మెల్లగా పోవుచు యాక్సిలరేటరు గట్టిగా త్రొక్కినపుడు వినబడును. కాలు కొంచెము సడలించినను, క్రింది గేరునకు మార్చినను వెంటనే ఆగును.

ఇతర శబ్దములు ఇట్లుండవు. నిలిచియున్న బండిలోను టిక్కుటిక్కుమని క్రమము తప్పక కొట్టునది వాల్వుల టాపెట్ల శబ్దము. ఉదయము చల్లని ఇంజినులో వినబడి వేడెక్కగానే తగ్గునది, అరిగిన సిలిండరులో పిస్టను ఆడుటవలన గాని, ఎగ్జాస్టు అతుకు వదులగుటవలన గాని కలుగును. గేరు లేకుండ ఇంజినును రేపినను ఏదో యొక వేగమున మాత్రమే గలగలమనునది, సాధారణముగా సైలెన్సరు గొట్టముపై నుండు రేకు వదులై చేయు చప్పుడు. దీనికి ఒక బోల్టు బిగించిన చాలును. లోతైన దబదబ శబ్దము, అందును ఆయిలు దీపము వెలుగుచుండగా వినబడునది, బేరింగులు పోవుచున్న గురుతు. అట్టి సమయమున బండిని వెంటనే ఆపవలెను. దానిని నాకింగని పొరబడి పెట్రోలు మార్చుచు కూర్చున్నచో ఇంజిను దక్కదు.

పరీక్ష సులభము. ఒకే రోడ్డున, ఒకే మిట్టపై, ఒకే బరువుతో రెండు మారులు నడుపుడు. మొదటి మారు పైగేరులోను, రెండవ మారు క్రింది గేరులోను ఎక్కుడు. మొదటి మారు వినబడి రెండవ మారు వినబడకున్నచో అది నాకింగేయని చాలవరకు నమ్మవచ్చును. పైగేరులో ఇంజిను మెల్లగా తిరుగుచుండగా చివరి మిశ్రమము మంటకై వేచియుండు కాలము హెచ్చును. క్రింది గేరులో ఆ కాలము తగ్గును.

మఱియొక విశేషము కలదు. నేటి ఇంజినులలో చాలవాటికి నాకింగును పసిగట్టు చిన్న సెన్సరు బిగింపబడి యుండును. అది అలల అదురును గుర్తించి కంప్యూటరునకు తెలుపగా, కంప్యూటరు నిప్పురవ్వను కొంచెము ఆలస్యముగా పుట్టించి ఒత్తిడిని తగ్గించును. ఇట్టి బండిలో శబ్దము వినబడకపోవచ్చును. కాని బండి మిట్టపై నీరసించును, లీటరునకు వచ్చు దూరము తగ్గును. ఇవియును నాకింగు జాడలే. ఇట్టి బండిలో శబ్దము స్పష్టముగా వినబడుచున్నచో సెన్సరు గాని దాని తీగ గాని చెడియుండవచ్చును. ఇంజిను హెచ్చరిక దీపము వెలిగినచో మెకానిక్కు యంత్రముతో కోడును చదివించుడు. పి 0325 అను కోడు ఈ సెన్సరు తీగల మార్గమునకు సంబంధించినది.

కారణమును వెదకు క్రమము

ఖర్చులేని వానిని ముందును, ఖర్చుగల వానిని వెనుకను చూచుట వివేకము. కావున ఈ క్రింది వరుసను పాటింపుడు.

1. బరువును, గేరును. బండి పత్రములలో వ్రాసిన బరువునకు మించి వేసినచో ఇంజినులో ఒత్తిడియు వేడియు హెచ్చును. శ్రీశైలము, పాడేరు మార్గములవంటి ఘాట్ రోడ్లలో మిట్ట మొదలుకాకమునుపే క్రింది గేరునకు మార్చుట డ్రైవరు అలవాటు చేసికొనవలెను. ఈ రెండు విషయములు సరిదిద్దినంతనే శబ్దము పోవు బండ్లు కలవు.

2. చల్లదనము. ఇంజిను చల్లగా నున్నపుడు మాత్రమే మూత తీసి రేడియేటరు నీటిమట్టమును చూడుడు. వేడిమీద తీసినచో మరుగునీరు మొగమునకు చిమ్మును. నూర్పిళ్ల కాలమున గాలికి లేచిన పొట్టు, ధూళి రేడియేటరు రేకుల నడుమ చేరి గాలిని ఆపివేయును. దీనిని లోపలి ప్రక్కనుండి బయటికి మెత్తని నీటిధారతో కడుగవలెను. ఫ్యాను తిరుగుచున్నదో లేదో, బెల్టు వదులుగా నున్నదో చూడుడు. రెంటచింతల, రామగుండము ప్రాంతముల వేసవి ఎండలో లోపలికి పోవు గాలియే మిక్కిలి వేడిగా నుండును. అట్టిచోట చల్లార్చు ఏర్పాటులో చిన్న లోపమైనను నాకింగు కలిగించును.

3. ప్లగ్గులు. ప్లగ్గు తీసి తెల్లని పింగాణి కొనను చూడుడు. లేత గోధుమ రంగు ఆరోగ్యము. సున్నమువలె తెల్లబారి పొక్కులు కట్టినచో లోపల వేడి మితిమీరినదని గురుతు. నల్లని తడిమసి యున్నచో ఆయిలు పైకి వచ్చి కాలుచున్నది. ప్లగ్గులలో వేడి నోర్చు తరగతులు కలవు. బండి పుస్తకములో వ్రాసిన సంఖ్య గల ప్లగ్గునే వేయవలెను. చూపునకు ఒక్కటిగా నున్నవని వేరొకటి వేయరాదు.

4. గాలి, పెట్రోలు పాళ్లు. ఇంజిను పైనుండు సన్నని రబ్బరు గొట్టములు ఎండకు పగిలి, లెక్కకు రాని గాలి లోపలికి చొరబడవచ్చును. ఇంజెక్టర్లలో మడ్డి చేరి పెట్రోలు తక్కువగా రావచ్చును. ఈ రెంటివలనను మిశ్రమము పలుచనై వేడి హెచ్చును. గొట్టములను చేతితో తడవి చూచుటకు ఖర్చులేదు.

5. టైమింగు. డిస్ట్రిబ్యూటరు గల పాత బండ్లలో నిప్పురవ్వ సమయము చేతితో అమర్చునది. అది అవసరమునకు మించి ముందైనచో ఒత్తిడి హెచ్చి నాకింగు కలుగును. టైమింగు దీపముతో సరిచూచి అమర్పింపవలెను. క్రొత్త బండ్లలో కంప్యూటరే దీనిని నిర్ణయించును.

6. బొగ్గుపొర. చాల దూరము తిరిగిన ఇంజినులో పిస్టను తలమీద, వాల్వులమీద మసి గట్టిపడి బొగ్గువలె పేరుకొనును. ఆ పొర స్థలమును ఆక్రమించి ఒత్తిడిని పెంచును, వేడిని పట్టియుంచును. అందుచే క్రొత్తలో 91 అంకెతో నిశ్శబ్దముగా నడచిన ఇంజినే కాలక్రమమున అంతకంటె హెచ్చు అంకె కోరవచ్చును. తాళము తీసినను ఇంజిను కొన్ని క్షణములు తిరుగుచుండుట పాత కార్బ్యురేటరు బండ్లలో ఈ పొర నిప్పుకణికవలె వెలుగుచున్నదనుటకు గురుతు. దీనిని శుభ్రపరచు పని మంచి మెకానిక్కునకు అప్పగింపదగినది.

పెట్రోలును పరీక్షించుట

పై యంశములన్నియు సరిగానుండి, శబ్దము అకస్మాత్తుగా ఒక మారు పెట్రోలు పోయించిన పిదపనే మొదలైనచో పెట్రోలునే అనుమానింపవచ్చును. పెట్రోలులో కిరసనాయిలు కలిసినచో ఓర్పు మిక్కిలి తగ్గును. డెల్కో-లైట్ యంత్రములు కొట్టుకొనుటకు కారణము కిరసనాయిలే గదా.

బంకులో వడపోత కాగితము పరీక్షను ఉచితముగా కోరుటకు కొనుగోలుదారునకు హక్కు కలదు. కాగితముపై వేసిన పెట్రోలు బొట్టు మచ్చ మిగులక ఆవిరియైపోవలెను. జిడ్డు మచ్చ మిగిలినచో కల్తీని శంకింపవచ్చును. సాంద్రతను గూడ కొలిచి చూపుమని అడుగవచ్చును. 15 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పెట్రోలు సాంద్రత ఘనమీటరునకు 720 నుండి 775 కిలోల నడుమ నుండవలెను. అయితే ఈ పరీక్షలు కల్తీని పట్టుటకే గాని ఆక్టేనును కొలుచుటకు కావు. ఆక్టేనును ప్రయోగశాలలోని ప్రత్యేక యంత్రమే కొలువగలదు.

నీటి విషయమున మఱింత జాగ్రత్త అవసరము. నేడు మన దేశమున అమ్మబడు పెట్రోలులో ఇథనాలు కలిసియున్నది. నూటికి 10 పాళ్ల మేళనము 2022లో సాధింపబడెను. 20 పాళ్లు గల ఇ 20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టబడి, 2025 నాటికి దేశమంతట వ్యాపించెను. ఇథనాలు నీటిని ప్రేమించును. ట్యాంకులోనికి గాని నిలువ డబ్బాలోనికి గాని తగినంత నీరు చేరినచో ఇథనాలు పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుగునకు దిగును. పైన మిగిలిన పెట్రోలు ఇథనాలును కోల్పోయి ఆక్టేను తగ్గినదగును. అడుగునున్న నీరు ఇంజినులోనికి పోయినచో బండి నడువనే నడువదు. కావున వానకాలమున ట్యాంకు మూత రబ్బరు చీలకుండ చూచుకొనుడు. స్ప్రేయర్ల కొఱకు డబ్బాలలో నెలల తరబడి నిలువచేసిన పెట్రోలును ట్రక్కులో పోయకుడు.

ఏ అంకె గల పెట్రోలు పోయవలెను

ఈ ప్రశ్నకు సమాధానము బండి యజమాని పుస్తకములోను, తరచుగా పెట్రోలు మూత లోపలి చీటిపైనను వ్రాయబడి యుండును. అచట 91 అని యున్నచో 91 చాలును. 95 తప్పనిసరి యని యున్నచో 95 పోయవలెను. 95 మేలు గాని 91తోను నడుచునని యున్నచో, నిండు బరువుతో ఘాట్ ఎక్కు దినములలో 95 పోసి, తక్కిన దినములలో 91 పోయవచ్చును.

2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 ప్రమాణము ప్రకారము సాధారణ పెట్రోలు కనీస ఆక్టేను 91. ఇ 20 పెట్రోలు విషయమున ఇథనాలు కలయికచే ఇది 95కు చేరుచున్నదని కేంద్ర పెట్రోలియము మంత్రిత్వ శాఖ 2025లో ప్రకటించెను. కావున 95 కోరు బండి గలవారు హెచ్చురకపు పెట్రోలునకు సొమ్ము చెల్లించుటకు ముందు, బంకులోని సాధారణ పెట్రోలు ఏ తరగతికి చెందినదో అడిగి తెలిసికొనుట మంచిది. ఇ 20లో శక్తి లీటరునకు కొంత తక్కువ యగుటచే దూరము స్వల్పముగా తగ్గవచ్చును. అది నాకింగు దోషమని భ్రమపడరాదు. పాత బండ్ల రబ్బరు భాగములు ఇ 20ని ఓర్చునో లేదో తయారీదారుని పుస్తకమునుబట్టియే నిర్ణయింపవలెను.

అమెరికాలోనున్న బంధువులు తమ పికప్ ట్రక్కులలో 87 పెట్రోలు పోయుచున్నామని చెప్పగా, మన 91 వారి పెట్రోలుకంటె మేలని కొందరు తలంతురు. ఇది సరికాదు. కొలత విధానములు రెండు కలవు. రీసర్చి పద్ధతిలో పరీక్షాయంత్రము నిమిషమునకు 600 చుట్లు తిరుగును. మోటారు పద్ధతిలో 900 చుట్లు తిరుగును, మిశ్రమమును 149 డిగ్రీలకు వేడిచేయుదురు. రెండవ పరీక్ష కఠినమైనది గావున అంకె తక్కువగా వచ్చును. మన దేశమున రీసర్చి అంకెను చెప్పుదురు. అమెరికాలో రెంటి సగటును బంకుపై వ్రాయుదురు. వారి 87, మన 91 ఇంచుమించుగా సమానములే. విదేశపు పుస్తకమునుగాని వీడియోనుగాని చూచి అంకెను ఎన్నుకొనువారు ఈ భేదమును మరువరాదు.

హెచ్చు అంకె పెట్రోలును పరీక్షార్థము వాడుటలో తప్పులేదు. ట్యాంకు దాదాపు ఖాళీయైన పిదప ఒక్క నిండు ట్యాంకు 95 పోసి, అదే మార్గమున అదే బరువుతో నడిపి చూడుడు. శబ్దము ఆగకున్నచో దోషము వేరుచోట నున్నది. శబ్దము ఆగినచో రెండర్థములు కలవు. మునుపటి పెట్రోలు మంచిది కాకపోవచ్చును. లేదా ఇంజినే వేడిచేతనో బొగ్గుపొరచేతనో హెచ్చు ఓర్పును కోరుచుండవచ్చును. మొదటినుండి 91తో చక్కగా నడచిన బండి నేడు 95 లేనిదే నడువకున్నచో అది రెండవ కోవకు చెందినది. జ్వరమునకు తడిగుడ్డ వేసినట్లు 95 ఉపశమనము నిచ్చును గాని వ్యాధిని తీర్పదు.

చేయరాని పనులు

పెట్రోలులో కలరా ఉండలు వేయుట యను పాత అలవాటు కొన్నిచోట్ల నేటికిని వినవచ్చుచున్నది. కొన్ని రకముల ఉండలు క్లోరిను గల వేరు పదార్థముతో చేయబడుచున్నవి. అవి కాలినపుడు ఇంజినును తినివేయు ఆమ్లము పుట్టును. గుర్తుతెలియని సీసాల మందులును ఇట్టివే. పెట్రోలులో కిరసనాయిలుగాని డీజిలుగాని ఎంత కొంచెమైనను కలుపరాదు. రెండును ఓర్పు తక్కువగలవి.

డీజిలు ట్రక్కులకును ట్రాక్టర్లకును ఈ వ్యాసములోని ఆక్టేను విచారణ వర్తింపదు. వానిలో ప్లగ్గు రవ్వ లేదు. అణగిన గాలి వేడికి డీజిలు తానుగా మండవలెను. పెట్రోలునకు దోషమైన గుణమే డీజిలునకు సుగుణము. దానిని సీటేను అను వేరొక అంకెతో కొలుతురు. డీజిలు బండిలో పొరపాటున పెట్రోలు పోసినచో తాళము తిప్పక, ఇంజిను నడుపక, ట్యాంకును ఖాళీచేయించుడు.

సంఘము చేయదగిన పని

ఒక రైతు ఒంటరిగా చిరకాలము శ్రమపడినను తేలని విషయము పదిమంది కలిసినచో ఒక వారములో తేలును. పెట్రోలు బండ్లు గల సభ్యులు ఒక్కొక్క చిన్న పుస్తకము నుంచుకొని తేదీ, బంకు, పెట్రోలు రకము, లీటర్లు, తిరిగిన కిలోమీటర్లు, బరువు, శబ్దము వినబడినదో లేదో యను ఏడు విషయములను వ్రాయవలెను. సంఘ కార్యాలయములో నొక ఉమ్మడి రిజిష్టరు పెట్టి నెలకొకమారు వానిని అందులో ఎక్కింపవలెను.

ఒకే బంకులో పోయించిన నాలుగు బండ్లు ఒకే వారములో కొట్టుకొనసాగినచో దోషము పెట్రోలులో నుండుట సంభవము. అపుడు బిల్లులతో, రిజిష్టరు నకలుతో సంఘము పక్షమున ఆ పెట్రోలు కంపెనీకి ఫిర్యాదు పంపవచ్చును. ఒంటరి మనుష్యుని మాటకంటె నాలుగు బండ్ల లెక్కకు విలువ హెచ్చు. అట్లుగాక మూడు బండ్లు నిశ్శబ్దముగా నడచుచు ఒక్కటి మాత్రమే గలగలమనుచున్నచో, ఆ బండి యజమాని బంకువానిని నిందింపక రేడియేటరు మూత తీసి చూచుకొనవలెను. బిల్లులు దాచుకొననివారికి ఈ రిజిష్టరువలన ప్రయోజనము లేదు గనుక, బంకులో బిల్లు అడిగి తీసికొనుటతోనే ఈ పని ప్రారంభింపవలెనని సభ్యులకు మనవి.